నీళ్ళు చూడని గుడ్డ

మాది గుంత మగ్గం. నేలలో గుంత తవ్వి, దాని అంచు మీద కూర్చుని, కాళ్ళు లోపలికి వేలాడేసి నేస్తాం. పొద్దున దించిన కాళ్ళు అన్నానికి ఒకసారి పైకి వస్తాయి, దీపాలు పెట్టే వేళకు ఒకసారి వస్తాయి. కాళ్ళలోకి దిగిన రక్తం మళ్ళీ పైకి ఎక్కాలంటే దానికీ సత్తువ ఉండాలి కదా. అందుకే మా ఎమ్మిగనూరులో, మా వీధిలో, పిక్కల మీద నరాలు ఉబ్బని మనిషిని చూపించడం కష్టం. మేం దాన్ని రోగం అనుకోలేదు. చేతులకు కాయలు కాసినట్టే కాళ్ళకు నరాలు లేస్తాయి అనుకున్నాం.

నా కళ్ళకు పోగు ఆనకుండా పోయినాక గుంతలోకి మా ఆమె చౌడమ్మ దిగింది. నాకంటే తన నేతే బాగుంటుంది. ఆ మాట నేను ఎప్పుడో ఒప్పుకున్నాను. ఒప్పుకోకపోతే అన్నం దగ్గర తేడా వస్తుంది. మా కొడుకు హరినాథ్ మగ్గం జోలికి రాలేదు, ఆటో తోలుతాడు. కోడలు హేమావతిది కమలాపురం. వాళ్ళింట్లో మగ్గాలు ఎప్పుడో అమ్మేశారు గానీ, ఇక్కడికి వచ్చినాక అత్తకు నూలు కండెలు చుట్టి ఇవ్వడం నేర్చుకుంది.

చౌడమ్మ కుడికాలు ముందు చెడింది. పిక్క వెనక నరాలు వానపాములు ముడిపడ్డట్టు లేచాయి. చీలమండ పైన తోలు నల్లబడింది, దురద పెట్టింది, గోకింది, పుండైంది. ఆ పుండు మానలేదు. ఒక వైపు ఎండితే ఇంకో వైపు కారేది. ఆమెకు షుగరు కూడా ఉంది. మాత్ర గుర్తొస్తే వేసుకుంటుంది, లేకపోతే లేదు. పాదాలకు తిమ్మిరి. అంగడి నుంచి వస్తూ ఒక కాలికి చెప్పు లేకుండా ఇంట్లోకి వచ్చేది.

"చెప్పు యాడ ఇడిసి వొస్తివే?" అని నేను.

"ఊడిందేమో, నాకేం తెలుసు. నా కాలే నా మాట ఇనదు, చెప్పు ఇంటాదా?" అని ఆమె.

ఆముదం రాసి వావిలాకు కాపడం పెట్టాం. జిల్లేడాకు వెచ్చజేసి కట్టాం. పసుపు అద్దాం. కాపడం పెట్టినంత సేపు హాయిగా ఉండేది. మళ్ళీ మగ్గం దగ్గర కూర్చుంటే పుండు సలిపేది. పళ్ళు బిగబట్టి నేసేది.

హేమావతి పట్టుబట్టి ఆదోనిలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. నేనూ పోయాను. చిన్న వయసు డాక్టరు, మర్యాదగానే మాట్లాడాడు. కాలు పట్టుకుని చూసి, మిషను పెట్టి చూసి, నరాల్లో రక్తాన్ని పైకి పంపే తలుపులు పాడైనాయని చెప్పాడు. షుగరు తగ్గించుకుని ఆపరేషన్ చేయించుకోవాలన్నాడు.

"కాళ్ళు వేలాడేసే పని మాత్రం మానుకోవాలమ్మా."

"నేను మగ్గం నేస్తానప్పా" అంది చౌడమ్మ.

"అదే మానుకోమంటున్నా."

ఆమె బస్సు ఎక్కినాక నా వైపు తిరిగి, "ఆ పిల్లోడు ఎప్పుడన్నా మగ్గం జూసినాడా?" అంది.

"కాలు పోతే ఏం జేస్తావే?"

"మగ్గం పోతే ఏం జేయల్ల? ఇంట్లో నీ మొగం జూస్తా కూచోనా?"

"నా మొగానికేం తక్కువ?"

"ఇన్నేండ్లు జూస్తి. సాలు."

ముందు సీట్లో ఆడమనిషి నవ్వింది. చౌడమ్మ నవ్వలేదు. ఆమె సంగతి నాకు తెలుసు. ఇంట్లో వంట కోడలిది, రాబడి కొడుకుది, లెక్కాపత్రం నాకెప్పుడూ రాదు, అదీ వాడిదే. గుంతలో కూర్చున్నంత సేపే ఆమెకు ఆ ఇల్లు తనదనిపించేది. ఏ చీర ఎవరికి నేయాలో, ఏ రంగు పక్కన ఏ రంగు పెట్టాలో వీధిలో వాళ్ళు వచ్చి ఆమెనే అడిగేవాళ్ళు. పైగా ఆ ఏడు మా వీధి అమ్మవారికి చీర నేసే వంతు మాకు వచ్చింది. చౌడేశ్వరి తల్లి చీర. పుండు కాలితోనే, ఒంటిపూట తిని, దాన్ని నేసి గుడికి ఇచ్చింది.

పక్కింటి భీమమ్మ పెద్ద ఈరన్న పేరు చెప్పింది. ఆమె కూడా నేసే మనిషే, ఆమె పిక్కలూ మా వాటిలాంటివే.

"చౌడక్కా, ఆలూరు అవతల ఉండాడు ఆయప్ప. గొర్లోడు. నరాలకు ఆకు ఇస్తాడు. మా పిన్నమ్మ మొగుని కాలు ఎట్లుండె, ఇప్పుడు ఎట్లుండాది! దుడ్లు ముట్టడు. ముడితే ఆకు పని జేయదంట."

"ఏం ఆకు చిన్నత్తా అది?" అంది హేమావతి.

"పేరు జెప్పకూడదమ్మా. పేరు జెప్తే దాని సత్తువ పోతాది."

"పేరు ల్యాని మందు తిని ఏమన్నా అయితే యాడికని పోయి అడగల్ల?"

"తినేది గాదు, పూసేది. నీ డాక్టరు ఇచ్చిన మాత్రల పేర్లన్నీ నీకు తెలుసా?"

చౌడమ్మ ఆ మాటకు నవ్వింది. చానా రోజులకు నవ్విందని నాకు సంతోషమైంది.

ఆదివారం నేనూ ఆమె బయలుదేరాం. ఆదోనిలో బస్సు మారి ఆలూరులో దిగి, అక్కడి నుంచి ఆటో. దారి పొడుగునా ఎర్రనేల, వాన లేక మోకాలెత్తుకు రాని పత్తి చేలు. పెద్ద ఈరన్న ఇంటి ముందు చప్పరం కింద జనం కూర్చుని ఉన్నారు. అందరూ ఒక కాలు చాపుకుని ఉన్నారు. బళ్ళారి నుంచి వచ్చిన వాళ్ళు కూడా ఉన్నారు. కన్నడం, తెలుగు కలిసి వినపడుతున్నాయి.

ఈరన్న నా వయసు మనిషి. భుజం మీద గొంగడి, నోట్లో వక్క. చౌడమ్మ కాలు తన తొడ మీద పెట్టుకుని బొటనవేలితో నరం వెంట కింది నుంచి పైకి అదిమాడు. కళ్ళు మూసుకుని అదిమాడు.

"రక్తం దోవ తప్పినాదమ్మా. దిగేది తెలుసు దానికి, ఎక్కేది మరిసిపోయినాది. నా ఆకు దోవ జూపిస్తాది."

"మగ్గం మానుకోమన్నారప్పా పట్నంలో" అంది చౌడమ్మ. నాకు ఆమె గొంతు చిన్నపిల్ల గొంతులా వినిపించింది.

"ఏంటికి మానల్ల? కాలు ఉండేది పని జేయనీకే గదా."

ఆ మాటతో ఆమె ఆయన మనిషైపోయింది. మందు చేతికి రాకముందే సగం రోగం తగ్గినట్టు కూర్చుంది. ఈరన్న మోదుగాకు పొట్లంలో నల్లటి పొడి కట్టి ఇచ్చాడు. వాసన ఘాటుగా ఉంది. వావిలి కాదు, ఉమ్మెత్త కాదు, నాకు తెలిసిన ఏ ఆకూ కాదు.

"మేకపాలతో కలిపి పట్టు ఎయ్యల్ల. కొత్త గుడ్డతో కట్టల్ల. ఒకరు కట్టుకున్నది, ఒకరి ఒంటికి తగిలింది పనికిరాదు. అమావాస్య నాడు కట్టి పున్నమి నాడు ఇప్పల్ల. మధ్యలో ఇప్పి జూడొద్దు. చూస్తే ఆకు సిగ్గుపడి పని మానేస్తాది. పులుపు వద్దు."

"పులుపు ల్యాకుండా కూడు ఎట్ల దిగుతాదప్పా?"

"నోరు గావాల్నా కాలు గావాల్నా?"

చప్పరం కింద అందరూ నవ్వారు. షుగరు సంగతి ఆయన అడగలేదు. మేం చెప్పలేదు. అది కడుపులో రోగం, ఇది కాలి రోగం అనుకున్నాం.

ఇంటికి వచ్చేసరికి హేమావతి మందుల షాపు నుంచి తెల్లటి కట్టుగుడ్డ చుట్ట తెచ్చి పెట్టింది. ఇది కొత్తదే, మెత్తగా ఉంది అంది. చౌడమ్మ దాన్ని వేళ్ళ మధ్య నలిపి పక్కన పెట్టింది.

"నేసేటోళ్ళ ఇంట్లో కొన్న గుడ్డ కడతారా? ఎవరన్నా ఇంటే నవ్వుతారు."

అమ్మవారి చీర కోసినాక మగ్గం మీద పడుగు కొంత మిగిలిపోతుంది. ఆ మిగులును మేం అమ్మం, ఇంకో చీరకు కలపం. పసుపు పూసి దేవుని మూలలో పెడతాం. ఆ మిగులు పడుగునే ఆమె మళ్ళీ మగ్గానికి అతికింది. బెత్తెడు వెడల్పు మాత్రం ఉంచుకుని, పక్క పోగులన్నీ ముడేసి తప్పించింది. గంజి చిక్కగా పెట్టింది. ఒక్కో పోగునూ గట్టిగా దట్టించి నేసింది. పసుపు రంగు పట్టీ. చేత్తో పడితే తోలు పట్టీలా ఉంది. దాన్ని నీళ్ళలో వేయనివ్వలేదు. నీళ్ళు తగిలితే అది కొత్త గుడ్డ ఎట్లా అవుతుంది అంది.

నేసేవాళ్ళకు ఒక సంగతి తెలుసు. మగ్గం మీది నుంచి దిగిన గుడ్డ మొదటిసారి తడిసి ఆరినప్పుడు బిగుసుకుంటుంది. అందుకే మేం పంచెను కొలత కంటే ఎక్కువ పెట్టి నేస్తాం.

"ఆకు తడికి ఇది బిగుసుకుంటాది గదే?" అని అడిగాను.

"బిగుసుకోనీ. దానికే గదా ఇట్ల నేసింది. పడుగు వదులైతే ఏం జేస్తాం మనం? బిగిస్తాం. నరాలూ అంతే. వదులై ఉబ్బినాయి. ఆకు దోవ జూపిస్తాది, గుడ్డ అదుముతాది."

ఆ మాట వీధి అంతా మెచ్చుకుంది. ఈరన్నకు కూడా ఇంత ఆలోచన తట్టి ఉండదు అంది భీమమ్మ. తన కాలికీ ఒకటి నేసి ఇవ్వమని అడిగింది. చూద్దాంలే అంది చౌడమ్మ, రాణి మాదిరి.

అమావాస్య పొద్దున మేకపాలు తెచ్చాను. హేమావతి పట్టు వేసింది. పట్టీ మాత్రం చౌడమ్మ తనే చుట్టుకుంది, పాదం మధ్య నుంచి పిక్క సగం దాకా, ఒక చుట్టు మీద ఒక చుట్టు సగం ఎక్కేట్టు. నేత అంచులా చక్కగా వచ్చింది. ఆకు రసం గుడ్డలోకి ఇంకి పసుపు కాస్తా నల్లబడింది. సాయంత్రానికి ఆరి, వేలితో కొడితే చెక్కలా మోగింది.

రెండు రోజులు కాలు విపరీతంగా గుంజిందంది. ఆకు పని మొదలుపెట్టిందని మేం అనుకున్నాం. ఆ తర్వాత నొప్పి పోయింది.

ఉన్నట్టుండి పోయింది. పుండు పడినప్పటి నుంచి నొప్పి లేని రోజు ఆమెకు లేదు. పొద్దున లేచి మంచం మీద కూర్చుని, కాలు కదిపి, మళ్ళీ కదిపి, "ఏమప్పా, నా కాలు ఉండాదా ల్యాదా?" అంది నవ్వుతూ. గుంతలోకి దిగి పొద్దుగూకేదాకా నేసింది. పాట కూడా పాడింది, ఆమెకు రాగం రాదు. హరినాథ్ ఆటోలో ఎక్కిన వాళ్ళందరికీ ఈరన్న పేరు చెప్పాడు. ఇంట్లో చింతపండు లేని కూరలు చప్పగా ఉన్నా ఎవరూ మాట అనలేదు.

హేమావతి ఒక్కతే ముఖం ముడుచుకుని తిరిగేది. అత్త కాళ్ళు కడగడం ఆమె పని. కుడికాలి వేళ్ళు నల్లగా ఉన్నాయి అంది.

"ఆకు రసం దిగినాదిలే" అంది చౌడమ్మ.

నిజమే, పట్టీ కూడా ఆ రంగే కదా. నేను కూడా చూశాను. నా కళ్ళకు గుడ్డా వేళ్ళూ ఒకటిగానే కనపడ్డాయి. వాసన వస్తోంది అంది హేమావతి ఇంకో రోజు. ఆ మందు మొదటి నుంచీ కంపే అన్నాడు హరినాథ్.

పున్నమి ఇంకా రాలేదు. ఒక మధ్యాహ్నం చౌడమ్మ మగ్గం మీదే తూగింది. ఒళ్ళు కాలిపోతోంది. ఎత్తి మంచం మీద పడుకోబెట్టాం. హేమావతి కాళ్ళ దగ్గర కూర్చుని అడిగింది.

"అత్తా, గిచ్చినా. తెలిసెనా?"

"ఎప్పుడు గిచ్చితివి?"

"ఇప్పుడు. గిచ్చుతానే ఉండా."

చౌడమ్మ తల ఎత్తి చూసింది. హేమావతి గోళ్ళు ఆమె బొటనవేలిలో దిగి ఉన్నాయి.

"ఇప్పుతా" అంది హేమావతి.

"పున్నమి రానీ."

"ఇప్పుతా అత్తా."

"ముట్టుకుంటే ఊరుకోను. ఇన్నాళ్ళ పథ్యం గంగలో పోతాది. మళ్ళీ నొప్పి వొస్తే నువ్వు పడతావా?"

"నీ మొండితనం మన్నుగాను! నొప్పి రావల్లనే మొక్కుకో!"

ఈ మాట రాయను మామా అంటోంది హేమావతి, నేను చెబుతుంటే ఇదంతా రాస్తున్నది ఆమే. అత్తను అట్లా తిట్టానని లోకానికి తెలియాలా అంటోంది. రాయి అన్నాను. ఆ రోజు మా ఇంట్లో సరైన మాట అదొక్కటే.

హరినాథ్ వచ్చాడు. ముడి ఊడలేదు, ఎండి రాయిలా ఉంది. బ్లేడుతో కోశాడు. ఆమె నేసిన గుడ్డ కదా, బ్లేడుకు లొంగలేదు. రెండు బ్లేడులు విరిగాయి. వదులైన చోట తోలు గుడ్డతో పాటే వచ్చింది. పాదం నేరేడుపండు రంగులో ఉంది. పుండు ఉండాల్సిన చోట పుండు కనపడలేదు, అంతా ఒకటే అయిపోయింది. హరినాథ్ బయటికి పోయి గోడ పట్టుకుని కక్కుకున్నాడు. చౌడమ్మ మాత్రం చూపు తిప్పుకోలేదు.

"నొప్పి ల్యాదప్పా" అంది నాతో. "నిజ్జంగా ల్యాదు."

కర్నూలు ఆసుపత్రిలో క్రిస్టినా అని ఒక నర్సమ్మ ఉండేది. మెత్తని మనిషి. కాలు కడుగుతూ అడిగింది.

"ఎవరమ్మా ఇంత బిగించి కట్టింది?"

"నేనే."

"ఏం గుడ్డ అది? తాడు మాదిరి అచ్చు పడింది."

"నేనే నేసింటి. ఒక్క పోగు తెగలేదు సూడు."

క్రిస్టినా నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను. ఆ అమ్మాయి నెమ్మదిగా చెప్పింది. షుగరు ఉన్న కాలికి బిగింపు తెలియదంట. తెలియకుండానే రక్తం ఆగిపోయిందంట. నొప్పి పోయిన రోజే కాలు పోయిందంట. ఆ మాట చెప్పి, నా చేతిలో నీళ్ళ గ్లాసు పెట్టి వెళ్ళింది.

మోకాలి కింద తీసేశారు.

ఇంటికి వచ్చినాక ఆమె ఏడవలేదు. మంచం మీద కూర్చుని మగ్గం వైపు చూస్తూ ఉండేది. వీధిలో ఆడవాళ్ళు వచ్చి ఏడ్చి పోయారు. భీమమ్మ గడప దాటి లోపలికి రాలేదు. బయటే కూర్చుని కొంగు నోట్లో పెట్టుకుంది. చౌడమ్మే పిలిచింది.

"లోపలికి రా. నువ్వేం జేస్తివి? ఆయప్పా ఏం జెయ్యలా. నెప్పి తీయమని పోతిమి, తీసేసినాడు."

కొన్నాళ్ళకు, "నన్ను గుంతలో కూచోబెట్టురా" అంది హరినాథ్‌తో. వద్దని అందరం చెప్పాం. అన్నం మానేసింది. చివరికి వాడే ఎత్తుకుపోయి కూర్చోబెట్టాడు. మగ్గానికి కింద రెండు తొక్కుడు కర్రలు ఉంటాయి. ఒకటి తొక్కితే పడుగు ఒక విధంగా తెరుచుకుంటుంది, రెండోది తొక్కితే ఇంకో విధంగా. కుడికాలికి ఒకటి, ఎడమకాలికి ఒకటి. ఒక్క కర్రే తొక్కితే పేక నిలవదు, పేకను అటూ ఇటూ మోసే నాడె పోయిన దారినే ఊరికే తిరిగి వస్తుంది. ఆమె ఎడమకాలితోనే రెండూ తొక్కడం మొదలుపెట్టింది. అటు ఒకసారి, ఇటు ఒకసారి. ఊగిపోయేది. పడిపోకుండా నడుముకు పాత పంచె చుట్టి గుంజకు కట్టించుకుంది. రోజుకు జానెడు గుడ్డ దిగేది. ఎవరూ కొనే గుడ్డ కాదు, అంచు వంకర.

"బాగుండాదా?" అనేది.

"బాగుండాది" అనేవాణ్ణి.

"నీ కండ్లకు ఏం తెలుస్తాది" అనేది.

ఒక కాలు రెండు కాళ్ళ పని చేస్తే ఏమవుతుంది? ఎడమ పిక్క మీద నరాలు లేచాయి. కుడికాలికి లేచినట్టే, అదే చోట. ఆసుపత్రిలో బిగుతుగా ఉండే మేజోడు ఇచ్చారు, షుగరు కాలు కాబట్టి తాము కొలిచి ఇచ్చిందే వేసుకోవాలన్నారు. మా ఎండకు అది ఒంటి మీద నిలవదు. హేమావతి వేస్తుంది, ఆమె తీసేస్తుంది. షుగరు మాత్రలు హేమావతే ఎదురుగా నిలబడి మింగిస్తుంది. అయినా చీలమండ పైన తోలు నల్లబడింది. దురద మొదలైంది. ఆమె చీర అంచు కిందికి లాగి కప్పుకునేది, మాకు కనపడకుండా.

కనపడేనాటికి పుండు పడింది.

"ఆసుపత్రికి పోదాం" అన్నాడు హరినాథ్.

"ఆడికి పోతే కోసేది తప్ప ఇంకేం తెలుసురా వాళ్ళకు? ఒకటి ఇచ్చినా. ఇది ఈను." నా వైపు తిరిగింది. "ఈరన్న తావికి పోయి రా."

"నీకు మతి ఉండాదా?"

"ఆకు మంచిదే. గుడ్డ మనది."

పోకపోతే మాత్రలు మింగను అంది. పోయాను. మనసులో మాత్రం వేరేగా పోయాను. చప్పరం కింద అందరి ముందూ నిలబడి ఈరన్నను అడగాలని, ఒక్కరన్నా లేచి ఇంటికి పోయేట్టు అడగాలని.

చప్పరం కింద జనం అట్లాగే ఉన్నారు. ఈరన్న నన్ను గుర్తుపట్టాడు.

"రాప్పా! మగ్గం అమ్మ గదా. తగ్గెనా?"

"కాలు తీసేసిరి."

ఆయన చేతిలో ఉన్న ఎవరిదో కాలు అట్లాగే పట్టుకుని ఉండిపోయాడు. నేను మొత్తం చెప్పాను. నేను మాట్లాడేది నెమ్మది, మధ్యలో ఆగుతాను. ఎవరూ తొందర పెట్టలేదు.

"కొత్త గుడ్డ అంటే అంగట్లో మెత్త గుడ్డప్పా" అన్నాడు చివరికి. "అందరూ అదే కడతారు. గంజి గుడ్డ ఎవరు కడతారు?"

"మేం నేసేటోళ్ళం."

"నేసేటోళ్ళు ఇంతకుముందు నా తావికి రాల్యా." చేతిలోని కాలు కింద పెట్టి, "షుగరు ఉండెనా?" అన్నాడు.

"ఉండె."

"చెప్పల్యా."

"నువ్వు అడగల్యా."

చప్పరం కింద ఎవరో, "పథ్యం తప్పింటారు" అన్నారు. ఇంకొకరు, "విధి, ఎవరేం జేస్తారు" అన్నారు. ఒక ముసలామె చాపిన కాలు మార్చుకుని, "నా వంతు ఎప్పుడప్పా, బస్సు పోతాది" అంది. ఎవరూ లేవలేదు.

ఈరన్న లోపలికి పోయి పొట్లం తెచ్చాడు. నా చేతిలో పెట్టలేదు, నా పక్కన నేల మీద పెట్టాడు.

"నాకు వచ్చింది ఇదొక్కటే. ఇస్తే తప్పో, ఈకపోతే తప్పో నాకు తెలీదు. నీ ఇష్టం."

అడగాలని పోయినవాణ్ణి పొట్లం తీసుకుని వచ్చాను. ఉత్త చేతులతో ఇంటికి పోయి ఆమె ముందు నిలబడే ధైర్యం నాకు లేదు.

హేమావతి పొట్లం చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. లోపలికి పోయి తన పాత చీర ఒకటి తెచ్చి, మెత్తటి చోటు చూసి చింపింది. ఉడుకునీళ్ళలో వేసి ఉతికి ఆరేసింది. ఆకు పుండుకు తగలకుండా పైపైన పూసి, రెండు వేళ్ళు దూరేంత వదులుగా గుడ్డ చుట్టింది. చౌడమ్మ ఊరికే కూర్చుని చేయించుకుంది.

"ఇట్ల కడితే ఏం పని జేస్తాది?" అంది నాతో, కోడలు వంటింట్లోకి పోయినాక.

అని ముడి విప్పి, పళ్ళతో ఒక కొస పట్టుకుని, బిగించి కట్టుకుంది. నేను చెయ్యి పట్టుకున్నాను. ఆమె చేతిలో బలం నాకంటే ఎక్కువ.

ఇప్పుడు రోజూ ఇదే. పొద్దున హేమావతి వచ్చి వదులు చేస్తుంది, గుడ్డ మారుస్తుంది, ఆసుపత్రికి పోదాం రమ్మంటుంది. హేమావతి కండెల దగ్గర కూర్చోగానే ఈమె మళ్ళీ బిగిస్తుంది. నేను చెబితే కోడలు కాసేపు కాపలా ఉంటుంది. ఇంట్లో ఎంతసేపని ఒకరి కాలికి ఒకరు కాపలా ఉంటారు? హరినాథ్ ఎల్లుండి ఎత్తుకుపోయి అయినా ఆటోలో వేస్తానంటున్నాడు. కోస్తారేమో అని వాడికీ భయమే.

నిన్న మధ్యాహ్నం ఆమె గుంతలో కూర్చుని ఉంది. కాలు కిందికి ఉంది, కనపడదు. నాడె ఆగింది.

"నెప్పి ఎట్లుండాదే?" అని అడిగాను.

"తగ్గుతాండాది" అంది.